వాలీబాల్ ఆడే అబ్బాయికి భుజం నొప్పి: రెస్ట్ ఇస్తే తగ్గుతోంది, ఆడితే తిరగబెడుతోంది. ఏం చేయాలి?

మీ అబ్బాయికి 16 ఏళ్లు, స్పైకర్ (నెట్ దగ్గర ఎగిరి బంతిని కిందికి బలంగా కొట్టేవాడు), రెండు నెలలుగా కుడి భుజం నొప్పి అని రాశారు. పదిహేను రోజులు రెస్ట్ ఇస్తే తగ్గి, కోర్టులో దిగిన మూడో రోజే తిరగబెట్టిందన్నారు. ఇంజెక్షన్ చేయించాలా, ఆట మాన్పించాలా అని అడిగారు. రెండూ వద్దు. ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకో, ఆటగాళ్లను చూసే అలవాటున్న ఫిజియోకో చూపించండి. నేను డాక్టర్ని కాను. యూనివర్సిటీ జట్టుకు ఆడాను, ఇప్పుడు పొద్దున్నే స్కూల్ గ్రౌండులో పిల్లలకు నేర్పుతున్నాను. ఇదే నొప్పితో దాదాపు ఏడాది ఆట పోగొట్టుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

నాకు మొదట తెలిసింది చొక్కా విప్పేటప్పుడు. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చేసరికి ఒక్కచోట కలుక్కుమనేది, అది దాటితే ఏమీ ఉండేది కాదు. బస్సులో పైన రాడ్ పట్టుకోవాలంటే ఎడమ చెయ్యే దిక్కు. రాత్రి కుడివైపు ఒత్తిగిలితే మెలకువ వచ్చేసేది. ఆయింట్‌మెంట్ రాసుకుని, నొప్పి మాత్ర వేసుకుని ఆడాను. టోర్నమెంటుకు రెండు రోజుల ముందు ఒకచోట ఇంజెక్షన్ చేయించుకున్నాను. మూడు మ్యాచ్‌లు హాయిగా గడిచాయి. నొప్పి తెలియట్లేదు కదా అని ఇంకా గట్టిగా కొట్టాను. నాలుగో మ్యాచ్ రోజు పొద్దున దువ్వెన తల దాకా ఎత్తలేకపోయాను. ఎంఆర్ఐలో సుప్రాస్పైనేటస్ టెండన్ (భుజం పైభాగంలోని చిన్న కండరాన్ని చేతి ఎముకకు కలిపే పట్టీ) కొంత చిరిగిందని తేలింది. అందుకే ఎదిగే పిల్లాడికి ఆడించడం కోసం ఇంజెక్షన్ అంటే నా మనసు ఒప్పుకోదు.

చిన్నప్పుడు నోట్లో చెంచా పెట్టుకుని నిమ్మకాయ పందెం ఆడాం కదా, భుజం కీలు అచ్చం అలాంటిదే. చేతి ఎముక గుండ్రటి తల నిమ్మకాయ, రెక్క ఎముకలో లోతులేని గుంట చెంచా. అందుకే చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే తేలిగ్గా దెబ్బ తింటుంది. ఆ నిమ్మకాయను పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. స్పైక్ కొట్టేటప్పుడు ఛాతీలో, వీపులో ఉన్న పెద్ద కండరాలు చేతిని ముందుకు విసురుతాయి. బంతి వెళ్లిపోయాక అంత వేగంగా వచ్చిన చేతిని ఆపాల్సింది మాత్రం భుజం వెనకున్న చిన్న కండరాలే. మేమంతా పుషప్‌లు, బెంచ్ ప్రెస్ తెగ చేసేవాళ్లం. ఇంజను పెంచుకుంటూ పోయాం, బ్రేకుల సంగతి ఎవరూ చెప్పలేదు. రెస్టుతో నొప్పి తగ్గుతుంది కానీ బ్రేకులు బలపడవు. మీ అబ్బాయికి మూడో రోజే తిరగబెట్టడానికి ఇదే కారణమని నా అనుమానం.

నన్ను బాగుచేసిన ఫిజియో మొదటిరోజు నొప్పి ఉన్న చోటు ముట్టుకోనే లేదు. నా వెనక నిలబడి రెండు చేతులూ మెల్లగా ఎత్తి దించమన్నారు. దించేటప్పుడు కుడి రెక్క ఎముక వీపు నుంచి పైకి లేస్తోందట. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని భుజానికి సూటిగా పక్కన పెట్టి, 90 డిగ్రీలు వంచి, అరచేతిని పాదాల వైపు వాల్చమన్నారు. ఎడమ చెయ్యి దాదాపు బల్లకు ఆనింది. కుడిది జానెడు పైనే ఆగిపోయింది. భుజం వెనక భాగం అంతగా బిగుసుకుపోయిందని నాకప్పటిదాకా తెలియదు.

ఆపరేషన్ అవసరం పడలేదు, ఐదు నెలలు పట్టింది. మొదట స్పైక్, పైనుంచి కొట్టే సర్వీస్ ఆపించారు. అండర్‌హ్యాండ్ పాసింగ్, కాళ్ల వ్యాయామాలు మాత్రం సాగాయి. పాత సైకిల్ ట్యూబు కోసి కిటికీ ఊచకు కట్టాను. మోచెయ్యి నడుముకు ఆనించి, మధ్యలో మడత పెట్టిన తువ్వాలు ఇరికించి, ట్యూబు లాగుతూ ముంజేతిని బయటికి తిప్పాలి. తువ్వాలు జారి పడితే తప్పు చేస్తున్నట్టే. తిప్పడం కంటే వెనక్కి వదలడం ముఖ్యం, నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. కండరం బ్రేకు వేయడం నేర్చుకునేది అక్కడే. 15 చొప్పున మూడుసార్లు, రోజు విడిచి రోజు. రెక్క ఎముకలను దగ్గరికి తెచ్చేలా ట్యూబును వెనక్కి లాగడం, భుజం వెనక భాగం సాగదీయడం తర్వాత కలిపారు. కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటికి పెరిగితే మాత్రం తగ్గించాలి. మళ్లీ స్పైక్ మొదలుపెట్టింది నేల మీద నిలబడి గోడకేసి బంతిని కొట్టే 20 దెబ్బలతో.

నొప్పి లేని పిల్లలకూ ఈ వ్యాయామాలు పనికొస్తాయి. నార్వేలో 660 మంది హ్యాండ్‌బాల్ ఆటగాళ్లతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. వార్మప్‌లో ఇలాంటి వ్యాయామాలు చేసిన జట్లలో భుజం సమస్యల ముప్పు 28 శాతం తక్కువగా ఉంది. మా పిల్లలు వారానికి మూడు రోజులు, పది నిమిషాలు చేశాకే నెట్ దగ్గరికి వస్తారు.

మీ అబ్బాయి విషయంలో ఇంకో సంగతి. ఆ వయసులో చేతి ఎముక పైభాగంలో ఎదుగుదల పొర (ఎముక పొడవు పెరిగే చోటు, గ్రోత్ ప్లేట్) ఇంకా మూసుకుని ఉండకపోవచ్చు. అతిగా విసిరితే అదే దెబ్బ తినొచ్చు, అప్పుడు నెలల తరబడి కొట్టడం ఆపాల్సిందే. డాక్టరు ఎక్స్‌రే తీయిస్తే తెలుస్తుంది. చేతిలో తిమ్మిరి, చెయ్యి ఎత్తలేకపోవడం, రెక్క ఎముక వెనక కండ తగ్గి గుంట పడటం కనిపిస్తే అస్సలు ఆలస్యం చేయకండి. వాలీబాల్ ఆడేవాళ్లలో ఆ గుంట నరం నొక్కుకుపోవడం వల్ల నొప్పి లేకుండానే రావచ్చు, కాబట్టి చొక్కా విప్పించి వెనక నుంచి మీరే చూడాలి. ఎప్పుడైనా కీలు జారితే ఊళ్లో ఎవరితోనూ చెయ్యి లాగించకండి. చున్నీతోనో తువ్వాలుతోనో మెడకు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆట మాన్పించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. సచిన్‌కు 2006లో లండన్‌లో కుడి భుజానికి ఆపరేషన్ అయింది, ఆ తర్వాతే 2011 ప్రపంచకప్ గెలిచాడు. ముందు ఈ రెండు నెలల్లో రోజుకు ఎన్ని స్పైకులు కొట్టాడో, సమ్మర్ క్యాంపులో రెండు పూటలా ఆడాడేమో అడిగి ఒక కాగితం మీద రాయించండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.