ఐదంతస్తుల మీదికి 3 టన్నుల చిల్లర్: 14 టన్నుల హైడ్రా చాలుతుందా?

విశాఖ మధురవాడలో ఐదంతస్తుల బిల్డింగ్ పైకి 3 టన్నుల బరువున్న ఏసీ చిల్లర్ ఎక్కించాలి, 14 టన్నుల హైడ్రా (చిన్న క్రేన్) చాలదా అని అడిగారు. చాలదండి. ఇదే లెక్క వేసుకుని ఎండాడలో నేనూ ఒకసారి భంగపడ్డాను. బండి వచ్చాక ఆపరేటర్ పైకి చూసి, "ఏటి సార్, సగానికే బూమ్ అయిపోద్ది" అన్నాడు. బూమ్ అంటే క్రేన్ చెయ్యి. పని జరక్కపోయినా ఆ రోజు అద్దె కట్టాను.

ఆ 14 టన్నులు బరువు బండికి బాగా దగ్గరగా ఉన్నప్పటి మాట. దూరం పెరిగేకొద్దీ ఎత్తే శక్తి దబ్బున పడిపోతుంది. అందుకే టన్నులు కాదు, ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తగలదో చూపే లోడ్ చార్ట్ అడగండి. 3 టన్నులకు హుక్కు, స్లింగుల (బరువును కట్టి వేలాడదీసే తాళ్ల) బరువు కూడా కలపాలి.

మీ లెక్కే చూద్దాం. పిట్టగోడతో కలిపి బిల్డింగ్ ఎత్తు 17 మీటర్లు. దానిపైన చిల్లర్, స్లింగులు, హుక్కు కలిపితే బూమ్ కొస 24 మీటర్లకు చేరాలి. క్రేన్ తిరిగే కేంద్రం గోడకు 6 మీటర్ల దూరంలో ఉందనుకోండి. చిల్లర్‌ను గోడ నుంచి 2 మీటర్లు లోపల దింపితే దాదాపు 24 మీటర్ల బూమ్ చాలు, 25 టన్నుల టెలిస్కోపిక్ (బూమ్ సాగే) క్రేన్‌తో అయిపోతుంది. అదే 9 మీటర్లు లోపలికి, స్లాబు నడిమధ్యకు అంటే, బూమ్ పిట్టగోడకు తగలకుండా ఉండాలి గనక 43 మీటర్లు కావాలి. అప్పుడు 70, 80 టన్నుల బండ్ల మాటే. ఆ అద్దెకూ ఈ అద్దెకూ పోలికే లేదు. అంచున దింపి పైపు రోలర్ల మీద లోపలికి తోయించుకోండి, నలుగురు రిగ్గర్ల (బరువులు కట్టి జరిపే పనివాళ్ల) కూలితో పోతుంది. స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో మాత్రం మీ స్ట్రక్చరల్ ఇంజినీర్‌నే అడగాలి.

గాజువాక ఆటోనగర్ వైపు రేటు అడిగినప్పుడు, 8 గంటల షిఫ్టు యార్డులో కదిలినప్పటి నుంచా, సైట్‌కు చేరినప్పటి నుంచా అన్నది ముందే తేల్చుకోండి. రానుపోను ఖర్చు, డీజిల్, ఓవర్‌టైమ్, బత్తా, 18% జీఎస్టీ విడివిడిగా రాయించుకోండి. నా బిల్లు పెరిగింది వీటి దగ్గరే.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, బండిని పొద్దున్నే రప్పించండి. హుద్‌హుద్ తుపాను తర్వాత చాలాచోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి గానీ, మీ సందులో పైనే ఉన్నాయేమో చూడండి. సందు వెడల్పెంతో రాయండి. ఔట్‌రిగ్గర్లు (క్రేన్ ఒరగకుండా పక్కలకు చాపే కాళ్లు) చాపాలంటే 6 మీటర్లన్నా కావాలి, వాటి కింద సెప్టిక్ ట్యాంకు ఉండకూడదు.