పత్తి కట్టెకు నిప్పు పెట్టే ముందు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

పత్తి కట్టె పీకించి కుప్ప వేశానన్నావు. ఊరికే తగలబెట్టే బదులు బొగ్గు చేసి చేనులో వేస్తే ఎరువుల ఖర్చు తగ్గుతుందా అని అడిగావు. ఫోన్లో తెగే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

బొగ్గు ఎరువు కాదు. దాని ఒంటినిండా కంటికి కనపడని బొక్కలుంటాయి. మనం వేసిన ఎరువునీ, తేమనీ అవి పట్టి ఉంచుతాయి, అంతే. మన ఎర్ర చల్కలో ఒక్క పెద్ద వాన పడితే వేసిందంతా నీళ్లతో పాటే దిగిపోతుంది చూడు, బొగ్గు పనికొచ్చేది అక్కడ.

ఉత్త బొగ్గు మాత్రం వేయకు. మొదటి ఏడు నేను మక్క చేనులో అలాగే చల్లాను. నెల తిరక్కముందే ఆకులు పసుపెక్కాయి. నేలలో ఉన్న కాస్త నత్రజనినీ బొగ్గే పట్టేసుకుంది. యూరియా మిగలకపోగా ఇంకో బస్తా పట్టింది. ఇప్పుడైతే శనగ గింజంత ముక్కలుగా చితక్కొట్టి, కొట్టంలో ఎడ్ల మూత్రం పడేచోట పరుస్తున్నా. మూడు వారాలయ్యాక ఎత్తి, పెంటలో కలిపి సాళ్లలోనే వేస్తాను.

ఇక కాల్చడం. నడుము లోతు గొయ్యి తవ్వు, పైన వెడల్పు, అడుగున ఇరుకు. కట్టె విరిస్తే టప్పుమనేంత ఎండి ఉండాలి. అడుగున కొంచెం వేసి పైనుంచి అంటించు. మంట పైన ఉంటే గాలి కిందికి పోదు, కింది కట్టె బూడిద కాకుండా బొగ్గవుతుంది. పైవరసకు తెల్లటి పూత పట్టగానే ఇంకో వరస వేయి. తొందరపడితే పొగ, ఆలస్యమైతే బూడిద.

గొయ్యి నిండాక నీళ్లు పోయాలి. అక్కడ పిసినారితనం పనికిరాదు. నేను రెండు బిందెలతో సరిపెట్టి, చల్లారిందనుకుని సంచుల్లో నింపి కొట్టంలో పెట్టాను. తెల్లవారుజామున మీ అత్త పొగ వాసనకు లేచింది. రెండు సంచులు, ఒక తాటిపత్రి పోయాయి. ఎడ్లు ఆ రాత్రి బయట ఉండబట్టి బతికిపోయాయి. పారతో తిరగేస్తూ తడుపు.

నాలుగు క్వింటాళ్ల కట్టెకు ఒక క్వింటా బొగ్గు దిగితే గొప్పే. కాబట్టి ఎకరమంతా అనుకోకు, ఐదు గుంటల నేల చాలు. వాగు పక్కన చౌడు తేలిన నల్లరేగడిలో అసలే వద్దు. బొగ్గుకు క్షారగుణం, ఆ నేలకూ అదే జబ్బు. బొగ్గు వేసినచోట పెండిమిథాలిన్ లాంటి కలుపు మందు కూడా సరిగా పనిచేయదు, గుంటక తోలించుకోవాల్సిందే.

ఖర్చు సంగతంటావా, 266 రూపాయల యూరియా బస్తా ఒకటి తగ్గితే మిగిలేది చాయ్ డబ్బులే. 1350 పెట్టి భాస్వరం కోసం కొనే డీఏపీని తగ్గించడం మీద కన్నేయి. అదైనా మట్టి పరీక్ష చేయించి, భాస్వరం నేలలో చాలినంత ఉందంటేనే. ఐదు గుంటల్లో సగానికి మామూలు మోతాదు, సగానికి పావు వంతు తక్కువ వేసి, పత్తి ఏరినప్పుడు వేర్వేరుగా తూకం వేయి. కూలీలను పెట్టి కాల్పిస్తే ఈ లెక్క ఎప్పటికీ గిట్టదు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా, అదే మెట్ట సేద్యం పరిశోధన సంస్థ వాళ్లు పత్తి, కంది కట్టెలను డ్రమ్ము బట్టీల్లో బొగ్గు చేసి చూశారు. అటు వెళ్లినప్పుడు అడిగి రా.

ఆదివారం వస్తాను, గొయ్యి ఇద్దరం తవ్వుదాం. బిందెలు వద్దు, నీళ్ల డ్రమ్ము నింపి పెట్టు.

మీ మామ