పైప్‌లైన్ తిప్పుతున్నారనగానే క్రూడ్ కొనేయకు

చిరంజీవి చిన్నోడికి,

పెదనాన్న ఆశీస్సులు. అమెరికాలో ఏదో క్రూడ్ (ముడి చమురు) పైప్‌లైన్‌ను వెనక్కి తిప్పుతున్నారట, అంటే చమురు ఎదురు దిక్కుకు పారుతుందట, దాంతో ధర పెరుగుతుందని ఎంసీఎక్స్‌లో, అదే సరుకుల ఫ్యూచర్స్ కాంట్రాక్టులు నడిచే ఎక్స్ఛేంజ్‌లో, 2 లాట్లు కొంటానన్నావు. లాటుకు 100 బ్యారెళ్లు. బ్యారెల్ మీద 50 రూపాయలు పడినా 10 వేలు పోతాయి. ముందు సీవే లైన్ కథ విను.

అది టెక్సస్ తీరంలోని ఫ్రీపోర్ట్ నుంచి ఓక్లహోమాలోని కుషింగ్‌కు క్రూడ్ మోసేది. 2011కి కుషింగ్‌లో కెనడా, నార్త్ డకోటా సరుకు వచ్చి పేరుకుపోయింది. బయటికి దారి చాలక అక్కడి డబ్ల్యూటీఐ రకం (అమెరికా క్రూడ్ ధరకు కొలమానం) బ్రెంట్ (ఉత్తర సముద్రపు క్రూడ్, ప్రపంచ ధరకు కొలమానం) కంటే బ్యారెల్‌కు 25 డాలర్లకు పైగా దిగింది. కోవూరులో కోతలప్పుడు లారీలు దొరక్కపోతే వడ్ల పుట్టి ధర ఏమవుతుందో నీకు తెలుసు, పక్కనున్న మిల్లు ఆయనకి పండగే. సీవేలో సగం వాటా ఉన్న కొనోకోఫిలిప్స్ అనే చమురు కంపెనీకి అప్పట్లో కుషింగ్ వైపు రిఫైనరీలుండేవి. చవక సరుకు ఇంటి ముందుకే వస్తుంటే లైన్ తిప్పాలని వాళ్లకెందుకుంటుంది? 2011 నవంబర్ 16న ఆ వాటాను 115 కోట్ల డాలర్లకు కొంటున్నామని, లైన్‌ను కుషింగ్ నుంచి తీరానికి పారేలా తిప్పుతామని ఎన్‌బ్రిడ్జ్ అనే కెనడా పైప్‌లైన్ కంపెనీ చెప్పింది. ఒక్క బ్యారెల్ కదలకుండానే ఆ రోజు డబ్ల్యూటీఐ 100 డాలర్లు దాటేసింది. నువ్వు పేపర్లో చదివేసరికి ధర ఎక్కి కూర్చుని ఉంటుంది.

సరుకు నిజంగా కదిలింది 2012 మేలో, రోజుకు లక్షన్నర బ్యారెళ్లు. 2013 జనవరిలో సామర్థ్యం 4 లక్షలకు పెంచారు. ఇక డబ్ల్యూటీఐ, బ్రెంట్ తేడా పూడిపోతుందని అందరూ లెక్కలేసుకున్నారు. తీరా చూస్తే అవతలి చివర, టెక్సస్ తీరంలోని జోన్స్ క్రీక్ దగ్గర సరుకు దించుకునే చోటు చాలక ప్రవాహాన్ని లక్షా 75 వేలకు తగ్గించాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో తేడా మళ్లీ 20 డాలర్లు దాటింది.

లైన్‌లో ఖాళీ ఉంటే రెండు చోట్ల ధరల తేడా పైపు కిరాయి దగ్గర ఆగుతుంది. లైన్ నిండిపోతే మిగిలిన సరుకు రైలెక్కాలి, అప్పుడు తేడాను తేల్చేది రైలు కిరాయే. అందుకే ఎన్ని బ్యారెళ్లు పోతాయి, అవతల ట్యాంకులున్నాయా అన్నవే చూడు.

ఇంకో మాట, ఇదే అసలుది. పైప్‌లైన్ వార్త చెప్పేది రెండు ధరల మధ్య తేడా గురించి. ఎంసీఎక్స్‌లో నువ్వు కొనేది ఒక్క డబ్ల్యూటీఐని. ప్రపంచమంతా ధర పడితే తేడా తగ్గినా నీకు నష్టమే. 2020 ఏప్రిల్ 20న కుషింగ్‌లో ట్యాంకులు దొరక్క డబ్ల్యూటీఐ మైనస్ 37.63 డాలర్లకు పోయింది. మన ఎంసీఎక్స్‌లో కాంట్రాక్టును మైనస్ 2,884 రూపాయల దగ్గర తేల్చారు. లాటు పట్టుకుని కూర్చున్నవాడికి కొన్న డబ్బు మొత్తం పోయి, పైన 2 లక్షల 88 వేలు ఎదురు కట్టాల్సి వచ్చింది.

చెయ్యి మరీ దురదగా ఉంటే 10 బ్యారెళ్ల మినీ లాటు ఒక్కటి తీసుకో. ఆ లైన్ ఎవరిదో, వాళ్లకు ఎటువైపు రిఫైనరీలున్నాయో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.

కావలి బంకులో పెట్రోలు తగ్గుతుందా అని మీ నాన్న అడిగాడు. మన దేశం లెక్క కట్టుకునే క్రూడ్ ధరలో ఒమాన్, దుబాయ్, బ్రెంట్ రకాలే ఉంటాయి, డబ్ల్యూటీఐ ఉండదు. తగ్గదని చెప్పు.

మీ పెదనాన్న,
నెల్లూరు