శ్రావణికి, ఎర్ర కారు గురించి

విజయవాడ

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా క్షేమం. మొన్న వీడియో కాల్‌లో నువ్వు పెట్టె చూపిస్తుంటే నెట్ ఆగి ఆగి వచ్చి సగమే కనబడింది గానీ, ఆ చదునైన ఎర్ర ముక్కు చూడగానే గుర్తుపట్టాను. ఫెరారీ ఎఫ్40, టమియా వాళ్ల 1/24 కిట్, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉండేలా ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ బొమ్మ కారు. మొదటి జీతంతో చెవిదుద్దులు కొనుక్కుంటావనుకున్న మీ అమ్మ ఇంకా తేరుకోలేదట. పోనీలే, నాలుగు రోజులు పోతే తనే సర్దుకుంటుంది.

ఎలా చెయ్యాలో చెప్పమన్నావు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే రాస్తున్నాను. కిట్‌లో ఇచ్చిన బొమ్మల కాగితం చూసి ఎవరైనా అతికించేస్తారు, దాని గురించి నేను చెప్పేదేం లేదు. నాకు తెలిసిందల్లా రంగు. ఈ కారు విషయంలో కష్టమంతా రంగు దగ్గరే ఉంది.

నీకు తెలుసుగా, ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు కార్లకు రంగు కొట్టాను. లారీ క్యాబిన్లు, అంబాసిడర్లు, తర్వాత తర్వాత మారుతీలు. అన్ని బళ్లకు కొట్టినవాడికి ఈ చిటికెడు కారు ఒక లెక్కా అనుకున్నాను, మీ అన్నయ్య డల్లాస్ నుంచి పోర్షే కిట్ తెచ్చిచ్చిన రోజున. షెడ్డులో అలవాటు చొప్పున నిండుగా నాలుగు పూతలు, మా భాషలో కోట్లు, దట్టించాను. మెరుపు చూసి మురిసిపోయాను కూడా. ఎండాక చూస్తే తలుపు గీత లేదు, బానెట్ గీత లేదు. కారును జిలేబీ పాకంలో ముంచి తీసినట్టుంది. మీ అన్నయ్య నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

ఆ రోజు కూర్చుని లెక్క వేశాను. అసలు ఎఫ్40 పొడవు 4,358 మిల్లీమీటర్లు. ఇరవై నాలుగో వంతు చేస్తే 18 సెంటీమీటర్ల పైచిలుకు, మన జానెడంత. బాగానే ఉంది, అన్నీ తగ్గాయి. రంగు తగ్గిందా? రోడ్డు మీద తిరిగే కారుకు ఉండే రంగు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. నీ బొమ్మ మీద కూడా అంతే మందం వేశావనుకో, దాన్ని 24తో హెచ్చవేసి చూడు. అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల రంగు ఉన్నట్టు లెక్క. దాన్ని మా షెడ్డులో రంగు అనరు, లప్పం అంటారు. దుమ్ము రేణువు పడినా, వెంట్రుక అంటుకున్నా, వేలిముద్ర పడినా ఇదే లెక్క. ఏది చూసినా మనసులో 24తో హెచ్చవెయ్యి.

ఇంకో తమాషా చెబుతా. 1987లో ఎఫ్40 వచ్చినప్పుడు బరువు తగ్గించాలన్న పట్టుదలతో అసలు కారుకే రంగు పల్చగా వేశారు. బాడీ కార్బన్, కెవ్లార్ అనే గట్టి నారలు కలిపి చేసింది కదా, రంగు కింద నుంచి ఆ నేత గుడ్డ అల్లికలాగా కనిపిస్తుంది. ఫెరారీ కంపెనీ నలభయ్యేళ్ల పండగకు చేసిన కారు, కంపెనీ పెట్టిన పెద్దాయన ఎంజో ఫెరారీ బతికుండగా వచ్చిన చివరి కొత్త ఫెరారీ, దానికి ఈ రంగు! మా మేస్త్రీ దగ్గర అలా వేసి ఉంటే నెత్తి మీద మొట్టి మళ్లీ మొదటి నుంచి కొట్టించేవాడు. కాబట్టి నీ కారు రంగు పల్చగా ఉందని ఎవరైనా అంటే భయపడకు, అసలుదీ అంతే అని చెప్పు.

ఇక పని. ముందు బాడీని గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడుగు. అచ్చులోంచి ఊడి రావడానికి రాసిన జిడ్డు దాని మీద ఉండొచ్చు, ఉంటే రంగు పట్టదు. తర్వాత బాడీని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూడు. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నటి గీత కనిపిస్తుంది. చక్రాల పైన ఉబ్బు దగ్గర, పైకప్పును మోసే స్తంభాల దగ్గర ఎక్కువగా ఉంటుంది. 1000 నంబరు వాటర్ పేపర్‌ను, అంటే నీళ్లతో రుద్దే గరుకు కాగితాన్ని, తడిపి ఆ గీత చేతికి తగలకుండా పోయేవరకు రుద్దు. అసలు కారుకు లేని గీత నీ కారుకు ఉండకూడదు. ఉండాల్సిన గీతలున్నాయే, తలుపువి, బానెట్‌వి, వాటిని కత్తి వీపుతో ఒకటి రెండుసార్లు మెల్లగా గీసి లోతు చెయ్యి. రంగు పడ్డాక ఎలాగూ కొంత పూడుతుంది. నేను పోర్షేకు చెయ్యనిది ఇదే.

ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగు పూత, తెల్లదో, గులాబీదో వాడు. టమియాలో గులాబీ రంగు ప్రైమర్ కూడా దొరుకుతుంది. బూడిద రంగు ప్రైమర్ మీద ఎరుపు వేస్తే ఇటుక రంగు లాగా చచ్చిపోతుంది, అప్పుడు ఎరుపు తేవడానికి ఇంకో కోటు, ఇంకో కోటు అంటూ మందం పెంచుకుంటూ పోతావు. ఎరుపుకు టమియా వాళ్లదే టీఎస్-8 ఇటాలియన్ రెడ్ స్ప్రే డబ్బా తీసుకో, 100 మిల్లీలీటర్లది. ఒకటి సరిపోతుంది గానీ రెండు తెప్పించు. స్ప్రే డబ్బాలు గ్యాస్ నింపినవి, మండేవి కాబట్టి విమానంలో రానివ్వరు, రోడ్డు మీద వచ్చేసరికి ఆలస్యమవుతుంది. సగం కారు ఎరుపు, సగం గులాబీ అయ్యాక పది రోజులు డబ్బా కోసం ఎదురుచూడటం కంటే నరకం లేదు. విడిగా వచ్చే బాడీ ముక్కలున్నా అన్నిటికీ ఒకే డబ్బాతో, ఒకే పూట కొట్టు.

కొట్టే ముందు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచు. గోరువెచ్చని అన్నాను, పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకు తల్లీ. వెచ్చబడితే తుంపర సన్నగా పడుతుంది. బాడీని ఖాళీ నీళ్ల సీసా మీద రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టు. సీసా పట్టుకుని తిప్పొచ్చు, వేలు బాడీకి తగలదు. జానెడు దూరం నుంచి కొట్టు. కారు బయట గాలిలో మొదలుపెట్టి, కారు మీదుగా వెళ్లి, అవతల గాలిలోనే బటన్ వదులు. కారు మీద ఆగావా, అక్కడే కారుతుంది.

ఈ కారుకు బానెట్ మీదా పక్కలా గాలి పీల్చే గుంటలున్నాయి చూడు, నాకా డక్ట్‌లు అంటారు. ముందు వాటిలోకీ, వెనక రెక్క కిందికీ రెండేసి తుంపరలు కొట్టేసి, ఆ తర్వాతే పైభాగానికి రా. పైన అందంగా వేశాక గుంట తెల్లగా కనిపిస్తే, అది నింపబోయి చుట్టూ కార్చేస్తావు. అందరూ చేసే తప్పు. మొదటి రెండు కోట్లు దుమ్ము జల్లినట్టు, కింద ప్రైమర్ కనపడుతూనే ఉండాలి. మధ్యలో పదిహేను నిమిషాలు ఆగు. మూడోది మాత్రం తడిగా, అద్దంలా నిలిచేలా. అక్కడితో ఆపు. చెయ్యి ఇంకొక్కటి అంటుంది. డబ్బా తీసుకెళ్లి బీరువాలో పెట్టెయ్.

వాన ముసురు పట్టిన రోజు స్ప్రే ముట్టుకోకు. ఈ రంగులో థిన్నర్ గబగబా ఆరుతుంది, ఆరుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాలిలో చెమ్మ వచ్చి దాని మీద కూర్చుంటుంది. ఎరుపంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మా బెజవాడ వాళ్లకు ఈ బాధ ఎక్కువ. మీ హైదరాబాద్ కాస్త నయమే అయినా శ్రావణ భాద్రపదాల్లో నమ్మలేం. రోహిణీ కార్తె ఎండలో ఇంకో రోగం. తుంపర కారును చేరేలోపే ఆరిపోయి రంగు గరుకుగా, బత్తాయి తొక్కలా వస్తుంది. ఎండ కాసే రోజు పొద్దున పదింటికి, గాలి ఆడని బాల్కనీలో కొట్టు. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. కొట్టగానే పైన పెద్ద ప్లాస్టిక్ టబ్బు బోర్లించు. కింద రెండు పెన్సిళ్లు పెట్టి సందు వదులు, ఆవిరి బయటికి పోవాలి.

మాస్కు సంగతి ఒకటి. ముక్కుకు చున్నీ కట్టుకుని కొట్టకు. రసాయనాల ఆవిరిని ఆపే ఫిల్టర్ డబ్బీలు రెండు పక్కలా ఉండే మాస్కు దొరుకుతుంది, అది కొను. మా రోజుల్లో షెడ్డులో జేబురుమాలు కట్టుకుని కొట్టాం, మాస్కు ఇమ్మని ఎవరం అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. నా టేబుల్ మీద ఇన్‌హేలర్ నువ్వు చూశావుగా. దాని గురించి ఇంతకంటే రాయను.

రంగు పైకి గంటలో ఆరినట్టుంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది. వారం రోజులు కదపకు. ఆ తర్వాత ఫెరారీ గుర్రం బొమ్మ లాంటి, నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు అతికించి, అవి బాగా ఆరాక టీఎస్-13 క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత, కొట్టు. మొదటి కోటు ఆవిరి పట్టించినట్టు ఉండాలి, ఒకేసారి తడిపేస్తే స్టిక్కర్లు ముడతలు పడిపోతాయి. మళ్లీ రెండు వారాలు ఆగి పాలిష్. 2000, 3000 వాటర్ పేపర్, నీళ్లలో ఒక చుక్క సబ్బు, తర్వాత కాంపౌండ్, అంటే మెరుపు తెచ్చే పాలిష్ ముద్ద. అంచులకూ మడతలకూ ముందే సన్నటి మాస్కింగ్ టేప్ వెయ్యి. రంగు మొదట లేచిపోయేది అంచు మీదే. పెద్ద కారుకైనా అంతే.

బాడీ ఆరే ఆ వారాల్లో మిగతావి చేసుకో. ఇంజన్ మీద వెనక మూత ఉంటుంది కాబట్టి మరీ జుట్టు పీక్కోకు. ట్యాంకు పైపుల కంటే పొగగొట్టాల మీద శ్రద్ధ పెట్టు. వెనక మధ్యలో మూడు ఉంటాయి, లోపలి భాగం మెరుపు లేని నలుపు వెయ్యి. టైర్ల మధ్యలో అచ్చు గీతను గరుకు కాగితంతో రుద్దితే, మెరుపు కూడా పోయి రోడ్డు మీద నడిచినట్టుంటాయి.

సీట్ల దగ్గర మాత్రం నాకు ముచ్చట. ఈ కారు లోపల ఏమీ లేదు. కార్పెట్ లేదు, రేడియో లేదు, తలుపు తెరవడానికి హ్యాండిల్ బదులు ఒక తాడు. ఎర్ర గుడ్డ సీట్లు. కాళ్లు పెట్టే చోట నల్ల పలకలు అతికిన కీళ్ల వెంట ఆకుపచ్చటి జిగురు పొంగి గట్టిపడి ఉంటుంది, తుడవను కూడా తుడవలేదు. అంత ఖరీదు కారు! కిట్‌లో ఆ జిగురు ఉండదు. సన్న కుంచె కొనతో, లేదంటే అగ్గిపుల్లను చెక్కి, లేత ఆకుపచ్చ గీతను ఆ మూలల వెంట గీయి. వంకరగా వస్తే ఇంకా మంచిది, అసలుది కూడా వంకరే. తలుపు తాడుకు మీ అమ్మ కుట్టుడబ్బాలో నల్ల దారం సరిపోతుంది. పోర్షే అయ్యాక నేను చేసింది ఈ కిట్టే. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఆ ఆకుపచ్చ గీత గమనించినవాడు ఒక్కడే. వాడితో రెండు గంటలు మాట్లాడాను, మీ పెద్దమ్మ రెండుసార్లు టీ పెట్టింది.

అద్దాలకు సూపర్ గ్లూ వాడకు. ఒక రాత్రి కారు ముందరి అద్దం దాంతో అతికించి హాయిగా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అద్దమంతా పొగమంచు, దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. సంక్రాంతి పొద్దుట కారులా ఉంది అని మీ పెద్దమ్మ మెచ్చుకుంది కూడా. చెక్కకు వాడే తెల్ల జిగురులో చుక్క నీళ్లు కలిపి సూదితో అంచున పెట్టు. పక్కకు కారినా తడిగుడ్డతో పోతుంది, ఆరాక కనిపించదు.

ఇంకా చాలా ఉంది గానీ అదంతా చేస్తూ ఉంటే నీకే తెలుస్తుంది, లేదా పాడయ్యాక ఫోన్ చేస్తావు. పాడైతే ఏడవకు, రంగు కడిగి మళ్లీ వెయ్యొచ్చు. ఆ పోర్షేను నేను మూడుసార్లు కడిగాను.

ఒక్క మాట మర్చిపోయాను. బాడీకి కొట్టే ప్రతిసారీ పక్కన ఒక ప్లాస్టిక్ స్పూన్ కూడా పెట్టి, అదే ప్రైమర్, అదే ఎరుపు, అన్ని కోట్లూ దానికీ కొట్టు. ఆరిందా లేదా అని వేలు పెట్టాలనిపించినప్పుడల్లా స్పూన్ మీద పెట్టు, కారు మీద వద్దు. ఎరుపు అయ్యాక ఆ స్పూన్‌ను ఒక కవర్లో పెట్టి ఆర్టీసీ కార్గోలో నాకు పంపు. ఫోన్ కెమెరాలో ఎరుపు ఎప్పుడూ సరిగా కనపడదు. చేతిలో పట్టుకుని చూసి, క్లియర్ ఎప్పుడు కొట్టాలో చెబుతాను.

పెదనాన్న