లంబసింగిలో టెంట్ వేసుకుని ఉండాలనుకుంటే, దారిలో ఏదైనా తేడా వస్తే?

డిసెంబరులో వైజాగ్ నుంచి సొంత కారులో, ఇద్దరు చిన్న పిల్లలతో వెళ్లి లంబసింగిలో రెండు రాత్రులు టెంట్‌లో ఉండాలన్నది మీ ఆలోచన. దారిలో బండి ఆగిపోతే, వాన పడితే ఎలా అన్నది మీ టెన్షన్. మేం చలికాలంలో తరచూ ఆ వైపు వెళ్తుంటాం కాబట్టి, మాకు ఎదురైనవే చెప్తాను.

అక్కడ వచ్చే ఇబ్బందులు చాలావరకు చిన్నవే. పొద్దు గూకాక వస్తేనే ప్రాణం మీదికొస్తాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి దాదాపు 30 కిలోమీటర్లే, కానీ డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. ఆ మలుపుల్లో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం, మెకానిక్ కోసం కిందికే రావాలి. అందుకే మధ్యాహ్నం మూడింటికల్లా నర్సీపట్నం దాటలేకపోతే ఆ రాత్రికి అక్కడే లాడ్జి తీసుకోండి. టెంట్ అడ్వాన్సు పోతే పోయింది.

ఇక బండి సంగతి. ఒకసారి ఘాట్‌లో గుంతలో పడి మా టైరు సైడు చీరిపోయింది. స్టెప్నీలో గాలి ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నట్లు మాత్రం కదల్లేదు. టైర్ల షాపుల్లో గన్నుతో బిగిస్తారు కదా, కారుతో పాటు ఇచ్చే ఆ పొట్టి పానాకి అవి ఓ పట్టాన లొంగవు. మా బావమరిది పానా మీదెక్కి నిలబడ్డాడు. పానా జారి వాడు పడబోయాడు తప్ప నట్టు ఉన్నచోటే ఉంది. లంబసింగి దాటాక వచ్చే చింతపల్లి వైపు నుంచి దిగుతున్న జీపాయన ఆగి, సీటు కింద నుంచి ఇనుప పైపు ముక్క తీసి పానా చివర తొడిగాడు. ఒంటిచేత్తో నొక్కితే నట్టు కిర్రుమని తిరిగింది. డబ్బులిస్తే తీసుకోలేదు. అలాంటి రెండడుగుల పైపు ఒకటి డిక్కీలో వేసుకోండి. ఇంట్లోనే ఒకసారి మీ చేత్తో నట్లు విప్పి బిగించి చూసుకుంటే ఇంకా మంచిది.

టైరు మార్చాల్సి వస్తే బండిని లోయ అంచున ఆపకండి, మలుపు దగ్గర అసలే ఆపకండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టండి. పిల్లల్ని దింపి కొండవైపు నిలబెట్టండి. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తాలి, గాల్లో ఉన్న చక్రం మీద బలం పెడితే బండి జాకీ మీద నుంచి జారుతుంది. స్టెప్నీ మిగతా టైర్ల కన్నా చిన్న సైజు అయితే 80 దాటించకండి.

పైకి చేరాక చలి స్టవ్‌ని పట్టుకుంటుంది. క్యాంపింగ్ స్టవ్‌లకు వాడే చిన్న గ్యాస్ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర అది సరిగా ఆవిరి కాదు. డబ్బా ఊపితే లోపల గ్యాస్ ఉన్నట్టే తెలుస్తుంది, మంట మాత్రం నూనె అయిపోయిన దీపంలా ఉంటుంది. స్టవ్ పాడైందని విప్పదీయకండి. డబ్బాని విడదీసి కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టండి, వేడినీళ్లు వద్దు, మంట దగ్గర అసలే వద్దు. పిల్లల పాలకు ఒక ఫ్లాస్కు వేడినీళ్లు రాత్రే నింపి ఉంచుకుంటే తెల్లవారుజామున ఈ తిప్పలు ఉండవు.

చలికి భయపడి టెంట్ కిటికీలన్నీ మూసేస్తారు. తెల్లారేసరికి ఊపిరి తేమ పైనుంచి కారి దుప్పట్లు తడుస్తాయి, టెంట్ చిల్లు పడిందని అందరూ గొడవ. రెండు వైపులా కొంచెం తెరిచి, కింద మందంగా పరుచుకోండి, చలి ఎక్కువగా నేల నుంచే వస్తుంది. ఎంత వణికినా బొగ్గుల కుంపటి లోపలికి తేవద్దు. కార్లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

వాన విషయానికొస్తే, డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో తుఫానులు మామూలే. 2023లో మిచాంగ్ తుఫాను తీరం దాటింది డిసెంబరు 5నే. అల్పపీడనం అన్న మాట వినపడితే ట్రిప్ వారం జరపండి. పైన ఉండగా గట్టిగా పట్టుకుంటే, వెలుతురు ఉన్నంతలో చింతపల్లికి వెళ్లి గది చూసుకోండి. చీకటి పడితే ఘాట్ దిగే సాహసం వద్దు, తెలిసినవాళ్ల ఇల్లో, టీ కొట్టో ఏదో ఒక కప్పు కిందికి చేరండి. పొగమంచులో నడపాల్సి వస్తే లో బీమ్ వేయండి, హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది.

చిల్లర నోట్లు తప్పకుండా పెట్టుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. 108, 112 నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి.

మీ పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి నేనైతే మొదటి రాత్రికి గది తీసుకుంటాను. చలి ఎలా ఉందో, వాళ్లు తట్టుకుంటున్నారో లేదో చూసుకుని రెండో రాత్రి టెంట్ వేస్తాను.