సముద్రపు నత్త మంచినీటిలో ఎందుకు ఉబ్బుతుంది?

ప్రశ్న: ఉప్పాడ తీరంలో రాతిగట్టుకు అంటుకొని ఉన్న మూడు నత్తలను మా పిల్లలు తెచ్చి కుళాయి నీటిలో వేశారు. ఒకటి బయటికి వచ్చి, ఉబ్బి చనిపోయింది. మిగిలిన రెండూ మూత బిగించుకొని ఉన్నాయి. మరి గోదావరికి వరద వచ్చినప్పుడు కోరింగ మడ అడవిలోని నత్తలు ఎలా బతుకుతున్నాయి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. చాలా చేపలు బయటి నీరు ఎలా ఉన్నా తమ నెత్తుటి ఉప్పదనాన్ని దాదాపు ఒకే స్థాయిలో నిలుపుకోగలవు; సముద్రపు నత్తలలో ఎక్కువ వాటికి ఆ శక్తి లేదు, చుట్టూ ఉన్న నీరు ఎంత ఉప్పగా ఉంటే వాటి నెత్తురూ ఇంచుమించు అంతే ఉప్పగా ఉంటుంది. అటువంటి జీవిని మంచినీటిలో వేస్తే, ఉప్పు తక్కువగా ఉన్న వైపు నుంచి ఎక్కువగా ఉన్న వైపుకు నీరు మెత్తని చర్మం గుండా చొరబడి కణాలను ఉబ్బిస్తుంది. మీ పిల్లలు చూసినది ఇదే.

నత్తకు మొదటి రక్షణ మూత. రెండవది కణాల లోపల జరుగుతుంది, నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది కూడా అదే: నీటిలో ఉప్పు తగ్గుతున్నకొద్దీ, కణాలు తమలో నిల్వ ఉన్న అమైనో ఆమ్లాలను తగ్గించుకొని లోపలి గాఢతను బయటి నీటికి దగ్గరగా తెచ్చుకొంటాయి. అయితే ఈ సర్దుబాటుకు గంటలు, ఒక్కొక్కసారి రోజులు పడుతుంది. కాబట్టి ఉప్పు ఎంత తగ్గిందన్నదానితో పాటు ఎంత వేగంగా తగ్గిందన్నదీ చావుబతుకులను తేల్చే విషయమే.

మడ అడవిలో రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఉప్పునీటిని తిరిగి తెస్తుంది. పైన వరద నీరు పారుతున్నా, బురద లోపలి నీటిలో ఉప్పు అంత త్వరగా తగ్గదు. అక్కడి నత్తలు తరతరాలుగా ఈ మార్పుల నడుమనే పెరిగినవి కనుక, బురదలోకి దిగో, మూత వేసుకొనో గడ్డుకాలాన్ని దాటుతాయి. వరద రోజుల తరబడి తగ్గకపోతే మాత్రం వాటికీ ముప్పే. నీటిలో తేలుతూ ఉండే వాటి పసికూనలకు బురదలో దాగే వీలు లేదు కాబట్టి, ముందుగా దెబ్బ తగిలేది వాటికే.

మూత బిగించుకొన్న మీ రెండు నత్తలూ చనిపోయాయని అనుకోకండి. గాలి అందకపోయినా ఒంట్లోని నిల్వలతో కొంతకాలం బతకగలవు. ఆలస్యం చేయకుండా, తెచ్చిన చోటనే రాళ్ళ నడుమ ఉప్పునీటిలో వదలండి.