పొద్దున్నే మొరాయించే బండి గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి విజయనగరం నుంచి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షెడ్డులో గ్రైండర్ ఆడుతోంది, సగమే వినబడింది. పొద్దున్న మొదటిసారి నీ డీజిల్ బండి స్టార్ట్ అవ్వాలంటే నాలుగైదు సార్లు తాళం తిప్పాల్సి వస్తోందనీ, ఎవరో బ్యాటరీ మార్చెయ్యమన్నారనీ మాత్రం అర్థమైంది. అప్పుడే మార్చకు. బ్యాటరీ బాగుందని నేననడం లేదు, పోయిందని ఎవరూ చూడలేదు కదా అంటున్నాను. ఫోన్లో చెబితే కొబ్బరి లోడు ఎత్తేసరికి మర్చిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేనడిగిన ఒక్క మాటకి నువ్వు జవాబు చెప్పలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరుగుతోందా, లేక గిరగిరా తిరుగుతూ కూడా అందుకోవట్లేదా? "లేటుగా స్టార్ట్ అవుతోంది మావయ్యా" అంటే అందులో రెండు జబ్బులున్నాయి. ఈడ్చుకుంటే కరెంటు వైపు చూడాలి. బాగా తిరిగి అందుకోకపోతే ముందు డీజిల్ వైపు, ఇంజిన్ లోపలి గాలిని వేడెక్కించే హీటర్ ప్లగ్గుల వైపు చూడాలి. రేపు పొద్దున్న ఆ పాటల డబ్బా ఆపి చెవి పెట్టు.

ఈడుస్తోంది అనుకో. రాత్రంతా ఆగిన బండికి, తాళం పెట్టకముందే, బ్యాటరీ మీద మీటరు పెట్టి చూడు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగం ఖాళీ. తర్వాత ఎవరిచేతనైనా సెల్ఫ్ కొట్టించి ముల్లు చూడు, పదికి కాస్త అటూ ఇటూ ఆగితే సరే, తొమ్మిదిన్నర కిందికి జారిపోతుంటే బ్యాటరీని అనుమానించొచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. లేకపోతే ఆల్టర్నేటరు ఛార్జింగ్ ఇవ్వట్లేదు, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తావు. నువ్వు తగిలించిన ఆ రంగు లైట్లు, యాంప్లిఫయరు రాత్రంతా కరెంటు తాగుతున్నాయేమో కూడా చూడు. రాత్రి నెగెటివ్ టెర్మినల్ విప్పేసి పడుకో. పొద్దున్న తగిలించాక బండి ఒక్క దెబ్బకి లేస్తే దొంగ ఆ వైర్లలోనే ఉన్నాడు.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. షెడ్డు పెట్టిన కొత్తలో సాలూరు నుంచి ఒకాయన జీపు తెచ్చాడు, ఇదే కంప్లైంటు. సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్‌లు మార్చాను. తగ్గలేదు. బ్యాటరీ మార్పించాను. రెండు రోజులు బాగుండి మళ్లీ మామూలే. మూడోసారి కింద దూరి చూస్తే ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ కనబడింది, కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి అదే. పైకి బాగానే ఉంది. బోల్టు విప్పితే పట్టీ కొస ఉండే లగ్గు కింద ఆకుపచ్చ పిండి, దాని కింద తుప్పు. ఇనుప బ్రష్‌తో తళతళలాడేలా రుద్ది మళ్లీ బిగించాను, అంతే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మీది ఉద్దానం, సముద్రం పక్కనే. ఉప్పుగాలికి ఎర్త్ పట్టీలు మా ఊరి బండ్ల కంటే తొందరగా పాడవుతాయి. కంటితో చూసి వదిలెయ్యకు. మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ సీసం మొన మీద పెట్టు, క్లాంపు మీద కాదు. రెండో కొన ఇంజిన్ మీద పెయింటు లేని చోట ఆనించు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు లాగి సెల్ఫ్ కొట్టించు. 0.2 లోపు ఉంటే మంచిదే. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే నీ కరెంటు దారిలోనే పోతోంది.

ఇక గిరగిరా తిరిగి అందుకోవట్లేదు అనుకో. వెనక్కి వెళ్లి సైలెన్సరు చూడు. సెల్ఫ్ కొడుతుంటే తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండట్లేదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, ఒత్తిడికి వేడెక్కిన గాలే దాన్ని మండించాలి. చలికాలం పొద్దున్న ఆ వేడి చాలదు, అందుకే హీటర్ ప్లగ్గులు. ఎండాకాలంలో నాలుగింట్లో రెండు పోయినా బండి లేచేస్తుంది, డిసెంబరులో బయటపడుతుంది. తాళం ఆన్ చేసి హీటర్ లైటు ఆరేదాకా ఆగు, కట్టెయ్యి, మళ్లీ ఆన్ చెయ్యి. అలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే తేలిగ్గా లేస్తోందా? అయితే హీటర్ ప్లగ్గులో, వాటికి కరెంటు వదిలే రిలేనో చూపించుకో. అలా చేసినా లేవకపోతే కంప్రెషన్, అంటే లోపల గాలి ఒత్తిడి, చూడాలి, అది షెడ్డులో పని.

పొగే రాకపోతే డీజిల్ అందట్లేదు. రాత్రి ఎక్కడో గాలి పట్టి, లైనులోని డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. దీనికి మా గురువు నేర్పిన చిట్కా ఉంది: ఒక రాత్రి బండి ముక్కు పల్లానికి పెట్టి ఆపు, ఇంకో రాత్రి ఎత్తుకి పెట్టు. పల్లానికి పెట్టిన పొద్దున్న చక్కగా లేచి, ఎత్తుకి పెట్టిన పొద్దున్న సతాయిస్తే గాలి పడుతున్నట్టే. ఫిల్టరు దగ్గర రబ్బరు పైపులు, క్లిప్పులు, వాషర్లు చూడు. ఫిల్టరు అడుగున నీళ్ల మర ఉంటుంది, దాన్నీ ఒకసారి విప్పి గ్లాసులోకి వదులు. 2018లో తిత్లీ తుఫాను వెళ్లాక ఎన్ని బండ్ల ఫిల్టర్లలోంచి నీళ్లు తీశానో నాకే లెక్క లేదు.

ఒక్కటి మాత్రం చెయ్యనని నాకు మాటివ్వు. పాత ఇంజిన్లకి నాజిల్ పైపు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి గాలి తీసేవాళ్లం. నీది కామన్ రైల్, అన్ని నాజిళ్లకీ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ వెళ్లే రకం. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. ఆ నట్ల జోలికి పోకు. హీటర్ ప్లగ్గులున్న బండికి స్టార్టింగ్ స్ప్రే కొట్టమని ఎవరైనా అంటే దండం పెట్టి పంపెయ్యి. సెల్ఫ్ పది సెకన్లకి మించి కొట్టకు, మధ్యలో నిమిషం ఆగు. మోటారు కాలిందంటే ఇంకో ఖర్చు.

శనివారం రాత్రి రైలుకి కంచిలిలో దిగుతాను, మీటరు నేనే తెస్తున్నాను. మా అక్కకి చెప్పు, అన్నం ఉంచమని. ఆ రోజు నీ బండిని పల్లానికీ ఎత్తుకీ కాదు, చదునుగా పెట్టు. ఆదివారం నేను లేచేదాకా తాళం ముట్టుకోకు. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మొదటి చప్పుడు నేను వినాలి.

మీ మావయ్య